నెలవారీ ఉత్తరం కోసం కంప్యూటర్లో ఏ మెయిల్ ప్రోగ్రాం? వత్తులు తెగకూడదు, పద్యం చెదరకూడదు

పెరంబూరు పిన్ని
సోమవారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. చెన్నైలో పెరంబూరు, విల్లివాక్కం చుట్టుపక్కల తెలుగువాళ్ళం 140 మందిమి ఉన్నాం. నెలకోసారి అందరికీ మెయిల్లో ఒక ఉత్తరం వెళ్తుంది. ఆ నెల తిథులు, ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో సీమంతం, ఒక పద్యం, ఒక వంట, నాలుగు ఫోటోలు. ఆరేళ్ళుగా అది నా మెడకే పడింది. ఇన్నాళ్ళూ బ్రౌజర్లో మెయిలు తెరిచి అందులోనే పెట్టి పంపుతున్నాను.

పోయిన నెల ఉత్తరం వెళ్ళిన పూటే ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన ఆఫీసు కంప్యూటర్లో చూస్తే వత్తులన్నీ సగానికి తెగాయట, "రాష్ట్రం" కింద ఏముందో కనపడలేదట. ఆయన భార్య ఫోన్లో చూస్తే తిథుల పట్టిక కుడివైపు గోడ దూకిపోయిందట. మా వదినకు చివర పెట్టిన పుట్టినరోజు శుభాకాంక్షలు అసలు రానేలేదు, అందులో ఆవిడ మనవడి పేరే మొదటిది. ఇక ఆటవెలది పద్యం నాలుగు పాదాలూ కలిసి వచనమైపోయింది. పద్యం రాసిచ్చిన పెద్దాయన నాతో మాట్లాడటం లేదు.

మా అబ్బాయి కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చాడు, విండోస్ 11. అందులో వేసుకోవడానికి మెయిల్ ప్రోగ్రాం ఒకటి చెప్పండి. అక్షరాలు లావుగా చేసుకోవడం, రంగు, పట్టిక, బొమ్మ మధ్యలో పెట్టడం, ఇవన్నీ బాగుండాలి. ఉచితమైతే సంతోషం. డబ్బు పెట్టాల్సొస్తే ఒక్కసారికి రెండు వేలు, అంతకు మించి వద్దు.

ఓఎంఆర్ బస్సు
సోమవారం, ఉదయం 9.15

థండర్‌బర్డ్. ఇంకేం ఆలోచించకండి. ఉచితం, 2004 నుంచీ ఉంది. బస్సులో ఉన్నాను, షోలింగనల్లూరు దాటాక వివరంగా రాస్తా.

ముడి అక్షరం
సోమవారం, ఉదయం 9.52

అసలు మెయిలుకి రంగులెందుకండీ? ఉత్తరం అంటే అక్షరాలు. నేను పదిహేనేళ్ళుగా క్లాజ్ మెయిల్ (Claws Mail) అనే ప్రోగ్రాం వాడుతున్నా. అందులో లావు అక్షరాల బొత్తామే ఉండదు, హెచ్‌టీఎంఎల్ (రంగు, లావు, పట్టిక లాంటి అలంకారాలను గుర్తులతో రాసే భాష) రాయదు, రాయనివ్వదు. వత్తు తెగే ప్రశ్నే రాదు, ఎందుకంటే ఫాంటు ఏదో, వరసల మధ్య దూరం ఎంతో చదివేవాళ్ళ కంప్యూటరే చూసుకుంటుంది. మీరు పంపేది మాటలు మాత్రమే.

మీ నాలుగు కష్టాలకూ మందు ఒకటే. అలంకారం మానేయండి.

పెరంబూరు పిన్ని
సోమవారం, ఉదయం 10.30

నాయనా, నీ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఏకాదశి ఏ వారం, మాసశివరాత్రి ఏ వారం అనేది పట్టికగా లేకపోతే మావాళ్ళు చదవరు, ఫోన్ చేసి నన్నడుగుతారు. 140 మంది. ఉత్తరం రాయడమే నయం.

తెనాలి టు టీనగర్
సోమవారం, మధ్యాహ్నం 1.05

పిన్నిగారూ, ప్రోగ్రాం సంగతి తర్వాత. ముందు ఇది చెప్పండి. ఉత్తరాన్ని మెయిల్లోనే టైపు చేస్తున్నారా, లేక ఎక్కడో టైపు చేసి తెచ్చి అతికిస్తున్నారా?

ఎందుకడుగుతున్నానంటే నేను పాతికేళ్ళుగా డీటీపీ పనిలో ఉన్నాను. పనగల్ పార్కు దగ్గర పెళ్ళిపత్రికలతో మొదలుపెట్టాను. వత్తులు తెగాయన్న మాట వినగానే నాకు ఒకే అనుమానం వస్తుంది, వరసల మధ్య దూరాన్ని ఎవరో కొలత పెట్టి బిగించారని. ఇంగ్లీషు అక్షరానికి 12 పాయింట్ల ఫాంటుకు 14 పాయింట్ల వరస సరిపోతుంది. తెలుగుకు చాలదు. "స్త్రీ" తీసుకోండి, పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. మూడంతస్తుల మేడ. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ దగ్గర "ఎగ్జాక్ట్‌లీ" అని పెట్టి చిన్న అంకె ఇస్తే ఆ మేడ పైకప్పో, నేలమాళిగో కోసేస్తుంది. "సింగిల్" అనో "మల్టిపుల్" అనో పెడితే అక్షరం ఎంత ఎత్తుంటే అంత చోటిస్తుంది.

పెరంబూరు పిన్ని
సోమవారం, మధ్యాహ్నం 2.20

వర్డ్‌లోనే టైపు చేస్తానండి. నాలుగు పేజీలు దాటకూడదని మా కార్యదర్శి గారి నియమం. అందుకని వరసలు దగ్గరకు లాగమని మా మేనల్లుడికి చెప్పాను. వాడేదో చేశాడు, నాలుగు పేజీల్లో పట్టింది. ఆ ఫైలునే నెలనెలా తెరిచి, పాతది కొట్టేసి కొత్తది రాస్తున్నాను. అంతా అయ్యాక మొత్తం కాపీ చేసి మెయిల్లో అతికిస్తాను.

మెయిలుకు పేజీలేమిటని మీరు అడిగేలోపే నాకే నవ్వొచ్చింది.

తెనాలి టు టీనగర్
సోమవారం, మధ్యాహ్నం 2.41

దొరికాడు దొంగ. మేనల్లుడు.

రిచీ వీధి
సోమవారం, సాయంత్రం 6.10

అక్కా, నేను రిచీ వీధిలో కంప్యూటర్లు బాగుచేస్తా ఉంటా, మాది నెల్లూరు. మౌంట్ రోడ్డు నుంచి వచ్చి రోజుకు ఇద్దరన్నా ఇదే అడగతారు, "మెయిల్ పెట్టియ్యి తంబీ" అని. విండోస్‌తో పాటు వచ్చే పాత మెయిల్ యాప్‌కి 2024 డిసెంబరు 31తో సపోర్టు ఆపేశారు. దాని బదులు కొత్త ఔట్‌లుక్ పెట్టారు. నీ ల్యాప్‌టాప్‌లో అది ఇప్పటికే ఉంటుంది, చూడు.

ఈడ ఒక తిరకాసు ఉంది. ఔట్‌లుక్ అనే పేరుతో రెండున్నాయి. ఆఫీసుల్లో వాడే పాతది ఒకటి, దాన్ని క్లాసిక్ అంటారు. అందులో ఉత్తరం రాసే కిటికీ లోపల కూర్చునేది వర్డే. కాబట్టి పట్టికలు, స్టైళ్ళు, ఒకచోట ఉన్న అలంకారాన్ని బ్రష్షుతో ఎత్తి ఇంకోచోట పూయడం, అన్నీ ఉంటాయి. అలంకారం చేయడానికి దాన్ని మించింది లేదు. కానీ 2007 నుంచి అది వచ్చిన ఉత్తరాన్ని చూపించడానికి కూడా వర్డునే వాడుతుంది, బ్రౌజరును కాదు. గుండ్రటి మూలల పెట్టెలు, వెనకాల బొమ్మలు దానికి పట్టవు. తెనాలి అన్న చెప్పిన వరస కొలతను మాత్రం తుచ తప్పకుండా పాటిస్తుంది. పైగా డబ్బులు కట్టాల.

రెండోది కొత్త ఔట్‌లుక్. ఉచితం, ప్రకటనలు వస్తాయి. లోపల వెబ్ మెయిల్ లాంటిదే. జీమెయిల్ ఖాతా కలిపితే ఆ మెయిళ్ళు మైక్రోసాఫ్ట్ సర్వర్లకు కూడా పోయి వస్తాయి. అది నీకు ఇష్టమైతే సరే.

ఈఎం క్లయింట్ అని చెక్ దేశం వాళ్ళది ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, టెంప్లేట్లు పెట్టుకోవడం సుళువు. సొంత వాడకానికి రెండు ఖాతాల దాకా ఉచితం. పోస్ట్‌బాక్స్ అని ఒకటి బాగుండేది, దాన్ని 2024లో ఈ ఈఎం క్లయింట్ వాళ్ళే కొనుక్కున్నారు. ఇప్పుడు దాని జోలికి పోబాక.

నన్నడిగితే ఈఎం క్లయింట్, లేకుంటే థండర్‌బర్డ్. రెండూ వేసుకుని చూడు. పోయేదేముంది.

సైదాపేట చిట్టాపద్దు
సోమవారం, రాత్రి 9.30

ఈ చర్చ చూస్తే పాత రోజులు గుర్తొచ్చాయి. విండోస్ 98లో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉండేది, అందులో స్టేషనరీ అని రంగురంగుల కాగితాలు ఉండేవి. మా ఆఫీసులో ఒకతను ఆడిట్ ప్రశ్నలన్నీ ఐవీ తీగల కాగితం మీద పంపేవాడు. బ్యాలెన్సు తేలలేదన్న కబురు కూడా పూలతో వచ్చేది.

సరే, నేను రాయాలనుకున్నది వేరే. పిన్నిగారూ, ప్రోగ్రాం ఏదైనా సరే, ఖాతా కలిపేటప్పుడు పాప్ అని కాకుండా ఐమాప్ అని పెట్టుకోండి. పాప్‌లో మెయిళ్ళు మీ కంప్యూటర్లోకి దిగుతాయి. సర్వర్లో కాపీ ఉంచమని చెప్పకపోతే అక్కడ చెరిగిపోతాయి. ఐమాప్‌లో అసలు కాపీ సర్వర్లోనే ఉంటుంది. నాది పాప్. 2015 డిసెంబరు 1 రాత్రి వరదలో అడయారు నది ఇంట్లోకి వచ్చింది. కింది గదిలో బల్ల కింద సీపీయూ. పన్నెండేళ్ళ మెయిళ్ళు, మా నాన్నగారు టైపు నేర్చుకుని రాసిన మొదటి ఉత్తరంతో సహా, బురదలో పోయాయి. హార్డ్ డిస్కును ఎండబెట్టి తీసుకెళ్తే, బాగుచేసే కుర్రాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి తిరిగిచ్చేశాడు.

రిచీ వీధి
సోమవారం, రాత్రి 9.48

ఆ నెలంతా మా వీధిలో అదే వాసన బాబాయ్.

కొట్టివాక్కం కోడలు
మంగళవారం, ఉదయం 6.55

నేను మ్యాక్‌లో దానితో వచ్చే మెయిల్ యాప్‌నే వాడతాను కాబట్టి ప్రోగ్రాం గురించి చెప్పేదేమీ లేదు. ఫాంటుల గురించి ఒక మాట.

మా అత్తగారు కూడా ఇలాంటి ఉత్తరమే పంపుతుంటారు. ఆవిడకి గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, సూరన్న, మండలి అంటే ప్రాణం. మూడూ దించుకుని, శీర్షికలన్నీ వాటితో తీర్చిదిద్ది, పండగపూట పంపారు. అందుకున్నవాళ్ళలో ఎవరికీ అవి కనపడలేదు. మెయిల్లో ఫాంటు ప్రయాణం చేయదు, పేరు మాత్రమే వెళ్తుంది. అవతల ఆ పేరుగల ఫాంటు లేకపోతే వాళ్ళ దగ్గరున్నది తొడిగేస్తుంది. విండోస్‌లో నిర్మలా యూఐ, పాత ఎక్స్‌పీ అయితే గౌతమి, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్లో కోహినూర్ తెలుగు. ఒకే ఉత్తరం నలుగురికి నాలుగు రకాలుగా కనపడుతుంది. శీర్షిక తప్పకుండా ఫలానా ముఖంతోనే ఉండాలంటే బొమ్మగా చేసి పెట్టాలి.

ఇంకోటి, దయచేసి వాలు అక్షరాలు వాడకండి. మన లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు. ప్రోగ్రాం నిలువు అక్షరాన్నే తోసి పడగొడుతుంది. తలకట్టు ఒక పక్కకి, వత్తు ఇంకో పక్కకి జారి, బాలింతలా గోడ పట్టుకుని నడుస్తున్నట్టుంటుంది. లావు అక్షరాలు, కొంచెం పెద్ద సైజు, ఒక రంగు. తెలుగుకి ఈ మూడూ చాలు.

తెనాలి టు టీనగర్
మంగళవారం, ఉదయం 8.20

కోడలు గారికి వందనం. ఫాంటు ప్రయాణం చేయదన్న మాట నాకు ఇరవై ఏళ్ళ కిందట తెలిసుంటే బాగుండేది. అప్పట్లో మేము వాడినవి అను ఫాంట్లు. యూనికోడ్ కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంటు తొడిగితే తెలుగుగా కనపడేవి. ఒక పెళ్ళివారికి శుభలేఖ మ్యాటరు మెయిల్లో పంపాను, చూసుకోమని. వాళ్ళ దగ్గర ఆ ఫాంటు లేదు. వరుడి పేరున్న చోట డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు కనపడితే పెళ్ళికూతురి తండ్రి కట్నం గురించి ఎవరో వెటకారం చేశారనుకున్నాడు.

యూనికోడ్ వచ్చాక ఆ బాధ తప్పింది. అక్షరం అక్షరంగానే వెళ్తుంది, ముఖం మాత్రమే మారుతుంది.

ఓఎంఆర్ బస్సు
మంగళవారం, రాత్రి 10.15

ఆలస్యానికి క్షమించండి, నిన్న షోలింగనల్లూరు దాటాక నిద్రపోయాను. నా ఉద్యోగమే కంపెనీలో మెయిళ్ళ గోల చూసుకోవడం. పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటేనే చదవండి.

మొదట ఖాతా. థండర్‌బర్డ్ వేసుకున్నాక మీ చిరునామా ఇస్తే ఐమాప్ అదే ఎంచుకుంటుంది. జీమెయిల్ అయితే గూగుల్ వాళ్ళ లాగిన్ కిటికీ ఒకటి తెరుచుకుంటుంది, అందులో సంకేతపదం కొట్టి అనుమతివ్వాలి. చిట్టాపద్దు గారి భయం తీరుతుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో కంపోజిషన్ అనే పేజీ. అక్కడ ఫాంటు, సైజు, రంగు ఒకసారి పెట్టేస్తే ప్రతి కొత్త ఉత్తరం అలాగే మొదలవుతుంది. ఫాంటు దగ్గర ఏ పేరూ పెట్టకుండా వేరియబుల్ విడ్త్ అనే వదిలేయండి. కారణం కోడలు గారు చెప్పేశారు. అదే పేజీలో పంపే తీరు అని ఒకటుంది. అలంకరించినదీ, ఉత్త అక్షరాలూ రెండూ పంపమని పెట్టండి. ఒకే కవరులో రెండు ప్రతులు వెళ్తాయి, అవతలి ప్రోగ్రాం తనకు చేతనైనది చూపిస్తుంది. ముడి అక్షరం గారికి కూడా అభ్యంతరం ఉండకూడదు.

ఇప్పుడు పద్యం. థండర్‌బర్డ్‌లో ఎంటర్ కొడితే కొత్త పేరా మొదలవుతుంది, మధ్యలో ఖాళీ వస్తుంది. పాదం చివర షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. పేరా అలాగే ఉంటుంది, వరస మాత్రం కిందికి దిగుతుంది. నాలుగు పాదాలూ ఒకదాని కింద ఒకటి దగ్గరగా నిలబడతాయి. వర్డ్ ఫైల్లో పాదాలను ఎలా విడదీశారు? స్పేస్ బార్ కొట్టుకుంటూ పక్క వరసకు తోశారా?

వర్డ్ నుంచి తెచ్చి అతికించక తప్పదనుకుంటే కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కండి. అక్షరాలు మాత్రమే వస్తాయి, మేనల్లుడి బిగింపులు రావు. తర్వాత శీర్షికలు ఇక్కడే లావు చేసుకోండి. పది నిమిషాల పని. పొరపాటున అలంకారంతో వచ్చేస్తే అదంతా ఎంపిక చేసి ఫార్మాట్ మెనూలో స్టైళ్ళు తీసేయమని చెప్పొచ్చు. కానీ అది రంగునీ లావునీ తుడుస్తుంది, పేరాకు బిగించిన కొలతల్ని అన్నిసార్లూ వదిలించదు. ఉతుక్కోవడం కంటే మురికి తేకపోవడం నయం.

పట్టిక. ఇన్సర్ట్‌లో టేబుల్ ఉంది. వెడల్పు దగ్గర పిక్సెళ్ళు కాదు, శాతం ఎంచుకుని 100 పెట్టండి. వర్డ్ నుంచి వచ్చే పట్టిక ఏ4 కాగితం కొలతతో వస్తుంది, ఫోన్ తెర ఎంత ఉంటుందండీ? అది గోడ దూకక ఏం చేస్తుంది. నిలువు వరసలు రెండు, మహా అయితే మూడు. తేదీ, వారం, తిథి, నక్షత్రం, రాహుకాలం అని అయిదు పెడితే ఏ ప్రోగ్రామూ మిమ్మల్ని కాపాడలేదు.

బొమ్మలు. ఫోన్లో తీసిన ఫోటో మూడు నాలుగు మెగాబైట్లుంటుంది. ఉత్తరం మధ్యలో పెట్టి మూలలు పట్టుకుని చిన్నది చేసినా, చిన్నగా కనపడుతుందే గానీ ఫైలు బరువు తగ్గదు. పైగా మెయిల్లో వెళ్ళేటప్పుడు ఏ బొమ్మైనా అక్షరాల రూపంలోకి మారి మూడో వంతు బరువు పెరుగుతుంది. 4 మెగాబైట్ల ఫోటోలు అయిదు పెడితే 20 అనుకుంటాం, వెళ్ళేటప్పటికి 27. జీమెయిల్ హద్దు 25. విండోస్‌లోని ఫోటోస్‌లోనే రీసైజ్ ఉంది, 800 పిక్సెళ్ళ వెడల్పు చేసుకుని అప్పుడు పెట్టండి. పెట్టేటప్పుడు ఆల్టర్నేట్ టెక్స్ట్ అని ఒక గడి అడుగుతుంది. "సీమంతం ఫోటో, ఎడమ నుంచి..." అని రాస్తే బొమ్మ తెరుచుకోని వాళ్ళకు ఆ మాటన్నా కనపడుతుంది.

అంతా కుదిరాక ఆ ఉత్తరాన్ని టెంప్లేట్‌గా దాచుకోండి, ఫైల్ మెనూలో ఉంటుంది. వచ్చే నెల దాన్ని తెరిస్తే కొత్త ప్రతి వస్తుంది, పాతది చెదరదు.

నిజం చెప్పాలంటే అలంకారాల విషయంలో థండర్‌బర్డ్ పెద్ద పోటుగాడు కాదు. రిచీ వీధి అన్న చెప్పిన పూత బ్రష్షు ఇందులో లేదు. పట్టికల పనిముట్లు పాతకాలంవి. నాకు నచ్చేది ఏమిటంటే అది రాసే హెచ్‌టీఎంఎల్ పొట్టిగా, శుభ్రంగా ఉంటుంది. మీ వదినగారి మనవడి పేరు ఎందుకు కనపడలేదో దానికీ దీనికీ సంబంధం ఉందని నా అనుమానం, కానీ చూడకుండా చెప్పలేను.

ముడి అక్షరం
మంగళవారం, రాత్రి 11.02

ఆ అనుమానం నేను తీరుస్తా.

జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన ఉత్తరాన్ని అక్కడికి కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమని కింద చిన్న లింకు ఇస్తుంది. ఆ కొలతలో బొమ్మలు లెక్కలోకి రావు, హెచ్‌టీఎంఎల్ మాత్రమే. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు. "స్త్రీ" మనకు ఒక అక్షరమే. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఇంగ్లీషు వాళ్ళు "ఉమన్" అని అయిదు బైట్లలో తేల్చేస్తారు. అంటే తెలుగు ఉత్తరం హద్దుకు మామూలుగానే దగ్గర్లో ఉంటుంది. దానికి వర్డ్ చెత్త తోడైతే, ప్రతి పేరాకూ ఫాంటు పేరు, కొలత, రంగు, భాష మళ్ళీ మళ్ళీ రాసుకుంటూ పోతుంది, రెండు పేజీల సరుకుకు మూడు పేజీల సంచి.

పిన్నిగారూ, మీ వదినగారు ఉత్తరం చివర ఆ లింకు నొక్కి చూస్తే మనవడు దొరుకుతాడు.

ఉత్త అక్షరాల్లో పంపితే ఇదేమీ ఉండదని మళ్ళీ చెప్పను. కానీ ఉండదు.

పెరంబూరు పిన్ని
బుధవారం, ఉదయం 6.30

దొరికాడు! వదిన ఇప్పుడే ఫోన్ చేసింది. లింకు నొక్కిందట, కింద మొత్తం ఉందట. ఆవిడకు సంతోషం, నాకు దిగులు. ఆరేళ్ళుగా చివర పెడుతున్న శుభాకాంక్షలు ఎంతమందికి అందలేదో.

ఓఎంఆర్ బాబూ, పద్యం నువ్వన్నట్టే, స్పేస్ బార్ కొట్టి తోశాను. నీకెలా తెలిసింది?

ఓఎంఆర్ బస్సు
బుధవారం, ఉదయం 9.20

మా అమ్మ కూడా అలాగే చేస్తుందండి.

రిచీ వీధి
బుధవారం, మధ్యాహ్నం 12.15

అక్కా, ఇంకొక్కటి. 140 మందినీ టు గడిలో పెట్టబాక, అందరి చిరునామాలూ అందరికీ కనపడతాయి. బీసీసీలో పెట్టు. అందరికీ ఒకే దెబ్బలో కాకుండా మూడు నాలుగు విడతలుగా పంపితే స్పామ్‌లో పడే బెడద తగ్గుతుంది. మామూలు జీమెయిల్ ఖాతాకు రోజుకు 500 మంది హద్దు, నీకది సరిపోతుంది.

ఆఫీసుల్లో ఔట్‌లుక్ ఉన్నోళ్ళు నీకు జవాబిస్తే winmail.dat అని ఒక ఫైలు రావచ్చు. వాళ్ళు ఔట్‌లుక్ సొంత పద్ధతి అయిన రిచ్ టెక్స్ట్‌లో పంపినట్టు లెక్క. వైరస్ కాదు, భయపడబాక. హెచ్‌టీఎంఎల్‌కి మార్చుకుని మళ్ళీ పంపమను.

సైదాపేట చిట్టాపద్దు
బుధవారం, మధ్యాహ్నం 3.40

బీసీసీ అంటే గుర్తొచ్చింది. మా సంఘంలో ఒకాయన టు గడిలో 200 మందిని పెట్టి పంపితే, "నాకు ఈ మెయిళ్ళు వద్దు" అని ఒకరు అందరికీ జవాబిచ్చారు. "నాక్కూడా" అని పదిమంది. "అందరికీ జవాబివ్వకండి" అని అందరికీ ఇంకో ముప్పైమంది. మూడు రోజులు నడిచింది.

పెరంబూరు పిన్ని
ఇరవై రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5.10

ఉత్తరం వెళ్ళింది. జరిగింది చెప్తాను.

రెండూ వేసుకుని చూశాను. ఈఎం క్లయింట్ చూడ్డానికి బాగుంది, మా అబ్బాయికి అదే నచ్చింది. కానీ ఉచితం సొంత వాడకానికే అన్నారు, సంఘం ఉత్తరం సొంతమా కాదా అని నాకు సందేహం. మా కార్యదర్శి గారి దాకా వెళ్తే దానికో సమావేశం పెడతారు. అందుకని థండర్‌బర్డ్‌లో ఉండిపోయాను. కిటికీ నిండా బొత్తాలు చూసి మొదటి రోజు మూసేశాను. రెండో రోజు నాకు కావలసినవి అయిదే అని తెలిసింది.

వర్డ్ మానేశాను. నేరుగా ఇందులోనే టైపు చేశాను, విండోస్‌లో ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డుతో. పట్టిక మూడు నిలువు వరసలు, తేదీ, వారం, విశేషం. రాహుకాలం తీసేశాను, దానికి ముగ్గురు ఫోన్ చేశారు. ఫోటోలు 800కి కుదించాను. శుభాకాంక్షలు చివర నుంచి మొదటికి తెచ్చాను.

పంపేముందు నాలుగు చోట్లకు పరీక్షగా పంపుకున్నాను. నా ఫోను, అబ్బాయి ఐఫోను, వదిన ఫోను, ఆ వత్తులు తెగిన ఆయన ఆఫీసు. వత్తులు నిలిచాయి. అబ్బాయి ఐఫోన్లో మాత్రం శీర్షికలు నేను పెట్టినదానికన్నా లావుగా ఉన్నాయి, దాన్నలాగే వదిలేశాను.

పద్యం పెద్దాయన ఫోన్ చేశారు. "నాలుగు పాదాలూ ఉన్నాయమ్మా" అన్నారు. ఒక క్షణం ఆగి, "మూడో పాదంలో యతి తప్పింది, అచ్చుతప్పా నీ తప్పా" అన్నారు. ఆయన రాసిచ్చిన కాగితం తీసి చూశాను. అందులోనే తప్పింది. ఇంకా చెప్పలేదు.

తెనాలి టు టీనగర్
ఆదివారం, సాయంత్రం 5.32

చెప్పకండి. మేనల్లుడి మీద వేసేయండి.

ముడి అక్షరం
ఆదివారం, రాత్రి 8.15

పిన్నిగారూ, మాది మైలాపూరు. పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం పక్క సందు. పెరంబూరు కాకపోయినా మీ ఉత్తరం నాక్కూడా పంపుతారా? ఉత్త అక్షరాల ప్రతి ఉంటే చాలు.

పెరంబూరు పిన్ని
ఆదివారం, రాత్రి 8.40

తప్పకుండా నాయనా, చిరునామా విడిగా పంపు. రెండు ప్రతులూ ఒకే కవరులో వస్తాయని ఓఎంఆర్ బాబు చెప్పాడుగా. నీకిష్టమైంది తెరుచుకో. ఈసారి వంట గోంగూర నిల్వపచ్చడి, ఫోటో రంగుల్లో ఉంది.

ముడి అక్షరం
ఆదివారం, రాత్రి 8.43

ఆ ఫోటో ఒక్కటి అటాచ్‌మెంటుగా పెట్టగలరా?